మాట మార్చి చూస్తే

బడిలో తెలుగు పరీక్ష రాసిన రోజులు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. పద్యం ఒకటి ఇచ్చి, అందులో అలంకారం గుర్తించి సమన్వయించమని అడుగుతారు. జవాబుకి మూడు మెట్లు. మొదట లక్షణం, తర్వాత లక్ష్యం, ఆ పైన సమన్వయం. లక్షణమంటే నిర్వచనం. బట్టీ పట్టి ఉంటాం, గడగడా రాసేస్తాం. లక్ష్యమంటే ఉదాహరణ. ప్రశ్నపత్రంలోనే ఉంది, దించేస్తాం. సమన్వయం దగ్గరికి వచ్చేసరికి పెన్ను నెమ్మదిస్తుంది. ఉపమేయానికి ఉపమానంతో మనోహరమైన పోలిక చెప్పారు కాబట్టి ఇది ఉపమాలంకారం అని ఒక ముక్క రాసి, కింద గీత గీసి, తర్వాతి ప్రశ్నకి పోతాం.

నేను ముప్పై ఏళ్ళ పైచిలుకు తెలుగు పాఠాలు చెప్పాను. దిద్దిన పేపర్లకి లెక్క లేదు. వాటిలో ఆ "మనోహరమైన" అన్న మాట ఎన్ని వేలసార్లు చదివానో! ఆ పోలిక ఎందుకు మనోహరంగా ఉందో రాసినవాళ్ళని మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తప్పు పిల్లలది అనను. మేం అడగలేదు. మార్కులు వేసేసి పేజీ తిప్పేశాం.

ఇవాళ ఆ మూడో మెట్టు మీద కాసేపు కూర్చుందాం. ఒక మాట ముందే మనవి చేస్తాను. ఈ ప్రసంగంలో ఎవరి పద్యమూ రాగం తీసి చదవను, ఎవరి పేరా వినిపించను. చదివితే మీరు రాగానికి తల ఊపుతారు, నేను నా గొంతుకి నేనే మురిసిపోతాను, అసలు పని అక్కడే ఆగిపోతుంది. ఫలానా చోట ఏం జరుగుతోందో చెబుతాను. పుస్తకం ఇంట్లో ఉంటే రాత్రికి తీసి చూసుకోండి. మధ్యలో వాక్యాలు అవసరమైతే నేనే కడతాను. గొప్పగా ఉండవు, పాఠానికి పనికొస్తాయి.

విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు మీలో చాలామంది ఎరుగుదురు. ఒకసారి అక్కడ అట్ట ఊడిపోయిన ప్రబంధం ఒకటి కొన్నాను. ఎవరో విద్యార్థిది. పేజీ పేజీకీ అంచున పెన్సిలుతో ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష, మళ్ళీ ఉపమ. సంతలో పశువులకి ముద్రలు వేసుకుంటూ పోయినట్టు ఉంది. సగం పుస్తకం దాటాక ఒక పద్యం పక్కన మాత్రం అలంకారం పేరు లేదు. "ఎట్లా చేశాడు?" అని ఉంది, అంతే. ఆ తర్వాత ఎక్కడా పెన్సిలు గుర్తులు లేవు. ఆయనెవరో అక్కడితో చదవడం మానేశాడో, అక్కడే మొదలుపెట్టాడో!

ఎట్లా చేశాడు అన్న ప్రశ్నకి దారి మన పాతవాళ్ళే చూపించారు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో మమ్మటుడు కావ్యప్రకాశం రాశాడు. ఒక అలంకారం శబ్దానిదా, అర్థానిదా అని తేల్చడానికి ఆయన చెప్పిన పరీక్ష వంటింట్లో ఉప్పు చూసినంత తేలిక. ఉన్న మాట తీసెయ్యి. అదే అర్థం వచ్చే ఇంకో మాట అక్కడ పెట్టు. చమత్కారం నిలబడితే అది అర్థానిది. ఎగిరిపోతే అది ఆ మాటదే. అంతకు మూడు వందల ఏళ్ళ ముందు వామనుడు, ఒక్క మాట కూడా మార్చడానికి వీల్లేకుండా కుదిరిన రచనకి పాకం కుదిరింది అన్నాడు. లేతపాకమో ముదురుపాకమో గిన్నెని చూసి చెప్పలేం, వేలితో సాగదీసి చూస్తేనే తెలుస్తుంది. ఈ మార్చడానికి శాస్త్రంలో పరివృత్తి అని పేరు. మనం మాట మార్చడం అందాం. మాట మార్చేవాడికి మన ఊళ్ళల్లో మంచి పేరు ఉండదని తెలుసు. ఈ ఒక్క చోట మాత్రం తప్పు లేదు.

ఒక వాక్యం కడతాను. "కృష్ణమ్మ గడప దాటి లోపలికి వచ్చింది." వరద మాట. మన వైపు ఎవరైనా అనగలిగిన మాట. ఇప్పుడు కృష్ణమ్మని తీసి నదిని పెడదాం. "నది గడప దాటి లోపలికి వచ్చింది." కబురు అదే. కానీ ఇందాక ఇంట్లోకి వచ్చింది ఒక పెద్దావిడ. కోపంగా వచ్చినా మనావిడే, కాళ్ళకి దణ్ణం పెట్టి పంపించవచ్చు. ఇప్పుడు వచ్చినవి నీళ్ళు. సరే, కృష్ణమ్మని తిరిగి పిలిచి గడపని మారుద్దాం. "కృష్ణమ్మ వాకిలి దాటి లోపలికి వచ్చింది." ఏదో తగ్గింది. వాకిట్లోకి పాలవాడూ వస్తాడు, కరెంటు బిల్లు అబ్బాయీ వస్తాడు. పసుపు రాసి బొట్లు పెట్టుకునేది గడపకి. కొత్త కోడలు కుడికాలు పెట్టి దాటేది గడప. అందుకే కృష్ణమ్మ గడప దాటడంలో భయంతోపాటు ఒక మర్యాద కూడా ఉంది. ఇక మూడోసారి "వచ్చింది" తీసి "ప్రవేశించింది" అని పెట్టండి. పాపం, వరద ఉత్తరీయం వేసుకుని సభలో కూర్చుంది.

వరద మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు వెళ్ళిందని వార్తల్లో విన్నాం. వార్తకి ఆ అంకె కావాలి, దాని మీదే గేట్లూ లంక గ్రామాలూ ఆధారపడి ఉంటాయి. అదే రోజుల్లో బుడమేరు ముంచిన సింగ్‌నగర్ వైపు మేడ మీద చిక్కుకున్న మా బంధువులమ్మాయి ఫోను చేసినప్పుడల్లా ఇంకో లెక్క చెప్పేది. నాలుగో మెట్టు. ఐదో మెట్టు. కాసేపాగి, ఐదే, ఇంకా ఐదే. క్యూసెక్కు నదికి కొలత. మెట్టు మేడ మీదున్న మనిషికి కొలత. కథ రాసేవాడు ఏ కొలత పట్టుకున్నాడో చూస్తే, అతను ఎక్కడ నిలబడి రాస్తున్నాడో తెలిసిపోతుంది. ఇలా కొలత ఎంచుకోవడానికి నిర్వచనం వెతికితే దొరుకుతుందేమో కానీ, ఫోను పెట్టేశాక నా చెవిలో ఉండిపోయింది ఆ రెండోసారి అన్న "ఐదే".

ఇప్పుడు అసలు ఉదాహరణకి వెళ్దాం. ఘంటసాల దాటి కృష్ణ ఒడ్డుకి వెళ్తే శ్రీకాకుళం. ఉత్తరాన ఉన్న జిల్లా శ్రీకాకుళం కాదు, మన ఆంధ్ర మహావిష్ణువు ఊరు. కళింగం మీద దండెత్తిపోతూ శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో కొన్నాళ్ళు విడిది చేశాడు. అక్కణ్ణుంచి ఏకాదశి ఉపవాసానికి ఈ గుడికి వచ్చాడు. తెల్లవారుజామున కలలో స్వామి కనిపించి కావ్యం రాయమన్నాడు. ఈ సంగతి ఆముక్తమాల్యద మొదట్లో రాయలే చెప్పుకున్నాడు. కథ జరిగేది తమిళదేశపు శ్రీవిల్లిపుత్తూరులో. కానీ మొదటి ఆశ్వాసంలో ఆ ఊరిని వర్ణించే చోట ఒక మత్తేభం ఉంది. దాన్ని చదివినప్పుడల్లా నాకు మన పంటకాలవలే కనిపిస్తాయి.

పద్యంలో జరిగేది ఇది. వరిమళ్ళ మధ్య చిన్న కాలవల్లో బాతులు రెక్కల్లోకి తలలు దూర్చుకుని నిద్రపోతున్నాయి. పొద్దుటి గస్తీ తిరిగే తలారులు వాటిని చూశారు. తెల్లవారకముందే స్నానాలు చేసి వెళ్ళిన బ్రాహ్మలు పిండిన బట్టలు మరిచిపోయారు కాబోలు, తీసుకెళ్ళి ఇళ్ళకి చేరుద్దామని నీళ్ళలోకి దిగారు. బాతులు లేచి పరుగు. చేను కాపలా ఉన్న ఆడపిల్లలు పకపకా నవ్వారు. నాలుగు పాదాల్లో ఇంత జరిగిపోతుంది.

అలంకారం పేరు భ్రాంతిమంతం. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకోవడం. ఏళ్ళ తరబడి నేనూ ఆ పేరు చెప్పి, నిర్వచనం బోర్డు మీద రాసి, ముందుకి పోయాను. ఒక సంవత్సరం దివిసీమ నుంచి వచ్చిన కుర్రాడొకడు లేచాడు. వాళ్ళింట్లో బాతుల మంద ఉండేది. కోతలయ్యాక చేలల్లోకి తోలుకుపోయే మందలు ఉంటాయి కదా, అలాంటిది. వాడు మామూలుగా నోరు తెరవడు. "మాస్టారూ, తల రెక్కలో పెట్టుకుంటే బాతుకి మెడ కనపడదండి. మెడ ఉంటే బాతు, మెడ లేకపోతే మూట" అన్నాడు.

నేను పద్యం మళ్ళీ చూసుకున్నాను. అది మొదలయ్యేదే తల దగ్గర. మొట్టమొదటి మాటే అది. మెడ దాచేస్తే తప్ప తర్వాత రాబోయే పొరపాటు నమ్మశక్యంగా ఉండదని రాయలకి తెలుసు. అందుకని అన్నిటికంటే ముందు ఆ పని ముగించేశాడు. వామనుడి పాకమూ, మమ్మటుడి పరీక్షా చదువుకున్న నాకు ఈ సంగతి బాతులు కాసిన కుర్రాడు చెప్పాల్సి వచ్చింది.

ఆ రోజు మేమంతా కలిసి పద్యాన్ని పాడుచేయడం మొదలుపెట్టాం. అవును, పాడుచేయడమే. తలలు దూర్చుకున్న సంగతి తీసేశాం. బాతులు మామూలుగా ఈదుతున్నాయి అనుకున్నాం. అప్పుడు తలారులు మందమతులు అయిపోయారు, హాస్యం చవకబారుది అయిపోయింది. సరే, వరస మార్చాం. మొదట తడిబట్టలు చూపించి, తలారులు నీళ్ళలోకి దిగి చెయ్యి పెట్టేదాకా బాతుల మాట ఎత్తకుండా దాచాం. అది పొడుపుకథ అయింది. ఒకసారి విప్పాక మళ్ళీ విప్పబుద్ధి కాదు. రాయలు బాతుల్ని ముందే మనకి చూపించేశాడు కాబట్టి, తలారులు దిగుతుంటే మనం గట్టు మీద కూర్చుని చూస్తాం. ఆ గట్టు మీద అప్పటికే ఎవరున్నారు? కాపలా పిల్లలు. అంటే పాఠకుణ్ణి తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోబెట్టాడు. చివర్లో వాళ్ళు నవ్వితే, ఆ నవ్వు మనదే.

చివరగా ఒక అమ్మాయి, తలారులు ఆ బట్టలు దొంగిలించడానికి దిగినట్టు మారుద్దామంది. మార్చి చూశాం. నవ్వు వచ్చింది కానీ అందులో కసి చేరింది. రాయల తలారులు మరిచిపోయిన బట్టలు ఎవరివి వాళ్ళకి అప్పగిద్దామని దిగుతారు. మంచిపని చేయబోయి మోసపోయిన వాళ్ళని చూసి నవ్వే నవ్వు చల్లగా ఉంటుంది. పైగా ఊళ్ళో పోయిన గుడ్డముక్క కూడా ఇంటికి చేరుతుందన్న మాట చెప్పకుండానే చెప్పినట్టయింది. రాజు రాసిన పద్యం కదా, ఆ మాత్రం సొంత డబ్బా ఉండదా! భ్రాంతిమంతం అన్న పేరులో ఇవేమీ లేవు. అయినా పేరు అక్కర్లేదనను. పేరు తెలియకపోతే ఇంత దూరం వెతకాలని కూడా తోచదు. బస్సు మీద ఊరి పేరు ఉండాలి, ఎక్కి వెళ్ళాల్సింది మాత్రం మనమే.

అదే శ్రీకాకుళం స్వామి మీద ఇంకో కవి. కాసుల పురుషోత్తమ కవి, దివిసీమలో పెదప్రోలు ఆయన ఊరు. ఆంధ్రనాయక శతకం రాశాడు, అన్నీ సీసపద్యాలు. తిడుతున్నట్టు పొగడడంలో ఆయన దిట్ట, దీన్ని నిందాస్తుతి అంటారు. వాటిలో బాగా పేరుపడిన పద్యం ఒకటుంది. స్వామీ, భూదేవి నీ భార్య అయి ఇంటి నిర్వాహం చూడబట్టి లోకభారమంతా మోసేవాడివన్న పేరు నీకు వచ్చింది. లక్ష్మి భార్య కాబట్టి అడిగినవన్నీ ఇచ్చేవాడివయ్యావు. బ్రహ్మ కొడుకు కాబట్టి పెద్ద సంసారివయ్యావు. గంగ కూతురు కాబట్టి పాపులని పావనం చేసేవాడివయ్యావు. ఇవన్నీ ఆడవాళ్ళూ పిల్లలూ తెచ్చిన పేర్లు. మొదటినుంచీ నీ సొంతంగా నువ్వు ఎవరివయ్యా అంటే, దామోదరుడివి. ఇదీ ధోరణి.

ఆ చివరి పేరు మీద మమ్మటుడి పరీక్ష పెట్టి చూడండి. విష్ణువుకి వెయ్యి పేర్లున్నాయి. దామోదరుడి చోట మాధవుడు అని పెడితే? మా అంటే లక్ష్మి, ధవుడంటే భర్త. భార్య తెచ్చిన పేరు మళ్ళీ వచ్చి కూర్చుంది, వాదమే చెడింది. కేశవుడు అంటే? అర్థం తప్పుకాదు, కానీ నవ్వు రాదు. దామమంటే తాడు, ఉదరమంటే కడుపు. యశోదమ్మ రోటికి కట్టినప్పటి తాడు. అది భక్తుడి చెవికి వినిపించే కథ. లౌకికుడి చెవికి కడుపు బిగించి తాడు కట్టుకున్న బీదవాడు కనిపిస్తాడు. ఐశ్వర్యమంతా ఆలుబిడ్డలది, తనకున్నది మొలతాడంత తాడు. ఈ రెండు చెవులకీ ఒకేసారి వినిపించే పేరు వెయ్యింటిలోనూ అదొక్కటే.

సీసపద్యం నడక కూడా గమనించండి. సీసంలో నాలుగు పెద్ద పాదాలు, ఆ పైన ఎత్తుగీతి. నాలుగు పాదాలూ ఒకే అచ్చులో పోస్తాడు, ప్రతి పాదమూ ఒకే క్రియతో ముగుస్తుంది. నాలుగోసారి ఆ క్రియ వినేసరికి ఐదోసారి కూడా అదే వస్తుందని చెవి సిద్ధపడి ఉంటుంది. అప్పుడు గీతిలో దెబ్బ కొడతాడు. మధ్యలో రెండు పాదాలు తీసేసి చదివితే దెబ్బ తగలదు. చెవికి అలవాటు కావాలి, అలవాటు కావడానికి నాలుగు సార్లు కావాలి. సీసం ఎంచుకోవడంలోనే సగం పని అయిపోయింది.

ఈ పద్యంతోనే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. శతకం సంగతి తెలియనివాడికి ఆ నాలుగు పాదాలు మాత్రమే కోసి చూపించండి, దేవుణ్ణి ఎవరో నాస్తికుడు వెక్కిరిస్తున్నాడు అనుకుంటాడు. సందర్భసహిత వ్యాఖ్య అని పరీక్షలో ఇంకో ప్రశ్న ఉండేది గుర్తుందా? ఈ మాట ఏ పాఠంలోది, ఎవరు ఎవరితో అన్నారు, ఎప్పుడు అన్నారు. ఆ ప్రశ్నని చిన్నప్పుడు తిట్టుకున్నాను, పెద్దయ్యాక అడుగుతూ విసుక్కున్నాను. ఇప్పుడు మాత్రం దాన్ని పెట్టిన మహానుభావుడికి దణ్ణం పెడుతున్నాను. కొమ్మ కోసి తెచ్చేటప్పుడు ఏ చెట్టుదో రాసిపెట్టుకోవాలి.

కొన్ని కొమ్మలు అసలు కోతకి రావు. విశ్వనాథ సత్యనారాయణ గారి వేయిపడగలు తీసుకోండి. కృష్ణా జిల్లా నందమూరులో పుట్టి, బందరులో చెళ్ళపిళ్ళ వారి దగ్గర చదివి, విజయవాడలో స్థిరపడిన మనిషి. 1934లో తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాసిపెడుతుంటే 29 రోజుల్లో ఆ నవలంతా చెప్పేశారని ప్రసిద్ధి. నోటితో చెప్పిన పుస్తకం కాబట్టి దాని వాక్యం పొడుగు కంటికి బరువనిపించినా, పైకి చదివితే ఊపిరికి సరిపోతుంది. ఇది ఒక్క పేజీతో పరీక్షించవచ్చు. కానీ ఆ వెయ్యి పడగల పాము ఉంది చూశారూ, అది ఒక పేజీలో దొరకదు. పేజీ చింపి తెస్తే అది ఉత్త పాము. ఊరూ, జమీందారీ, గుడీ, పంటా ఒక్కొక్కటే వాడిపోతుంటే వందల పేజీల మీద దానికి అర్థం పేరుకుంటుంది. ప్రతీకని చెంచాతో తీసి చూపించలేం.

గద్యంలో పనితనం పద్యంలో కంటే ఎక్కువ దాక్కుంటుంది. గుడివాడ దగ్గర అంగలూరులో పుట్టిన త్రిపురనేని గోపీచంద్ రాసిన అసమర్థుని జీవయాత్రకి తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరు. కథానాయకుడు సీతారామారావు బుర్రలో కూర్చుని కథ నడుస్తుంది. అది ఎలా సాధ్యమైందో తెలుసుకోవడానికి మూడు నకళ్ళు కట్టి చూపిస్తాను, ఇవి నావి.

మొదటిది. "సుబ్బయ్య తనకి రావాల్సిన బాకీ గురించి మథనపడ్డాడు." ఇది సుబ్బయ్య మీద రిపోర్టు. రెండోది. "రేపు వెళ్ళి అడిగేస్తాను అనుకున్నాడు సుబ్బయ్య." కాస్త దగ్గరికి వచ్చాం. మూడోది. "రేపు వెళ్ళి అడిగేస్తాడు. అడిగితే తప్పేముంది? తన డబ్బే కదా. అన్నట్టు రేపు మంగళవారం. మంగళవారం డబ్బు ఎవరిస్తారు? ఎల్లుండి." ఈ మూడోదాంట్లో మంగళవారం గుర్తుచేసింది ఎవరు? రచయితా, సుబ్బయ్యా? ఇద్దరూ. "అనుకున్నాడు" అన్న తలుపు తీసేసేసరికి గది ఒకటైపోయింది. సుబ్బయ్య పిరికివాడు అన్న మాట ఎక్కడా లేదు, ఎల్లుండి అన్న మాటలో ఉంది.

మన భాషకి ఇక్కడ ఒక సొంత సదుపాయం ఉంది. తెలుగులో "అని", "అనుకున్నాడు" అనేవి వాక్యం చివర వస్తాయి. కాబట్టి చాలాసార్లు మనం ముందు ఆలోచనలోకి దిగిపోతాం, అది ఫలానావాడి ఆలోచన అని తర్వాత తెలుస్తుంది. కొన్ని భాషల్లో అతను ఇలా అనుకున్నాడు అని ముందే డప్పు కొట్టాలి. మనకి ఆ డప్పు లేదు. గోపీచంద్ గారి పేరా ఏదైనా తీసుకుని, "అనుకున్నాడు" ఉన్నచోట తీసేసి, లేనిచోట పెట్టి చదవండి. ఆయన ఎక్కడ తలుపు వేశాడో, ఎక్కడ బార్లా తెరిచాడో తెలుస్తుంది.

1950లో అరుణాచలం వెళ్ళిపోయేముందు చలం గారు ఉన్నది విజయవాడలోనే. ఆయన నవల మైదానంలో రాజేశ్వరి తన కథ తానే చెప్పుకుంటుంది. ఒక పేజీ తీసి, "నేను" అన్నచోటల్లా ప్రథమపురుష పెట్టి చదవండి. ఇక్కడ తెలుగు మిమ్మల్ని ఇరకాటంలో పెడుతుంది. ఏం పెడతారు? ఆమె అనా? ఆవిడ అనా? అది అనా? ఏది పెట్టినా మీ తీర్పు బయటపడుతుంది. ఏది పెట్టినా రాజేశ్వరి గురించి అరుగు మీద ఎవరో మాట్లాడుకుంటున్నట్టు అయిపోతుంది. ఆ అరుగు నోటి నుంచి లాక్కుని తన కథ తన నోటితో చెప్పుకోవడమే ఆ పుస్తకంలో మొదటి తిరుగుబాటు. మిగతావి తర్వాత.

తీసెయ్యడం, మార్చడం చూశాం. ఒక్కోసారి కలిపి చూడాలి. తెనాలి కొడవటిగంటి కుటుంబరావు గారి కథలో మా విద్యార్థులు అలంకారాలు వెతికి, దొరక్క, ఈయన శైలి సాదాసీదా అని రాసేవారు. సరే నాయనా, నువ్వే ఒక మంచి ఉపమానం చేర్చు అనేవాణ్ణి. చేర్చి చదివితే ఉతికిన చొక్కాకి జరీ అంచు కుట్టినట్టు ఉండేది. అక్కడ రచయిత మన భుజం మీద చెయ్యి వేసి మాట్లాడడు, కాస్త ఎడంగా నిలబడి చూపిస్తాడు. అలంకారం చేర్చగానే ఆ దూరం పోతుంది. అలాగే పాలగుమ్మి పద్మరాజు గారి గాలివాన. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చిన కథ. నియమాలతో గోడలు కట్టుకున్న పెద్దమనిషి, రైల్లో ముష్టి మనిషి, బయట తుపాను. బయటి గాలివానే ఆయన మనసులోనూ వీచింది అని ఒక్క వాక్యం చివర తగిలించి చూడండి. కథ కూలిపోతుంది. శీర్షికలో ఆ మాట ఒకసారి అనేశాక, మళ్ళీ చెప్పకపోవడంలో ఆ కథకుడి నిగ్రహం ఉంది.

రేడియో కేంద్రంలో కూర్చుని చెబుతున్నాను కాబట్టి చెవి మాట ఒకటి. ఈ విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఉషశ్రీ గారు, అంటే పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు గారు, ఇక్కణ్ణుంచే రామాయణం, భారతం వినిపించారు. వీధి వీధంతా రేడియో పెట్టుకుంటే, నడిచిపోయేవాడికి ఒక ఇంట్లో వదిలిన వాక్యం పక్కింట్లో అందేది. ఆయన ఆగే చోటు వినాలి. కథ తెలియనివాడు లేడు, రాముడు అడవికి వెళ్తాడని అందరికీ తెలుసు. అయినా ఆయన ఒక మాట ముందు ఆగితే, ఈసారి వెళ్ళడేమో అనిపించేది. అచ్చులో ఆ ఆగడానికి గుర్తు లేదు. అందుకే ఏ పేరా అయినా పైకి చదవమంటాను. ఊపిరి ఎక్కడ చాలకపోతుందో, నాలుక ఎక్కడ తడబడుతుందో, అక్కడ రచయిత కావాలనే ఏదో చేశాడు, లేదా చేతకాక వదిలేశాడు. రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి మళ్ళీ మాట మార్చి చూడాల్సిందే.

సమయం అయిపోవచ్చింది. మొన్న ధనుర్మాసంలో శ్రీకాకుళం గుడికని పొద్దున్నే మొదటి బస్సులో బయల్దేరాను. మంచు. కోతలైపోయిన చేలు. ఘంటసాల దాటాక కాలవ వార తెల్లగా, వరసగా యూరియా సంచులు కనిపించాయి. మొక్కజొన్నకని ఎవరో రైతు దించుకుని, పట్టా కూడా కప్పకుండా వదిలేశాడు. "అయ్యో, మంచుకి తడిసిపోతాయి కదమ్మా" అన్నాను పక్క సీట్లో ఆవిడతో. ఆవిడ కిటికీలోంచి చూసింది. నా వైపు చూసింది. ఏమీ అనలేదు. ఎదురుగా ట్రాక్టరు వస్తుంటే డ్రైవరు హారన్ గట్టిగా కొట్టాడు. సంచులన్నిటికీ ఒక్కసారి మెడలు మొలిచాయి. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బస్సు గుడి దగ్గర ఆగేదాకా నవ్వుతూనే ఉంది.

సంచులు అనగానే మీకూ నవ్వు వచ్చి ఉంటే ఆ ఘనత నాది కాదు. ఇందాకటి పద్యం మిమ్మల్ని ముందే తీసుకెళ్ళి ఆవిడ పక్క సీట్లో కూర్చోబెట్టింది.